పిల్లల్ని బడికి పంపే ముందు ఇంట్లో ఏం నేర్పాలి, నేర్చుకున్నారో లేదో ఎలా చూడాలి

"మా వాడు ఒకటో క్లాసులో చేరిన దగ్గర్నుంచి ఒకటే జలుబు, ఏం చెయ్యాలి?", "మా పాప బడిలో బాత్రూంకే వెళ్ళదంట, ఎలా అలవాటు చెయ్యాలి?", "పొద్దున్న కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉంటే పంపొచ్చా?" ఇవే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు ఒక్క మాట. బడిలో ఉన్న ఆ ఆరేడు గంటలు మనం పక్కన ఉండం. చేతులు కడుక్కోమని గుర్తు చేసేవాళ్ళు, బాటిల్ మూత తీసి ఇచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు, టీచర్‌కి పాతిక ముప్పై మంది పిల్లలుంటారు. అందుకని ఇంట్లో వందసార్లు చెప్పినా సరిపోదు. మీ ఎదురుగా వాళ్ళ చేత ఒంటరిగా చేయించి చూడాలి, అది వచ్చాకే వచ్చినట్టు లెక్క. కింద ప్రతి దాంట్లో ఎలా చూసుకోవాలో కూడా రాశాను, దయచేసి దాన్ని వదిలేసి ముందుకెళ్ళకండి.

కావాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్ (చెయ్యి పెట్టి చూసే జ్వరం లెక్కలోకి రాదు)
- బరువు చూసే మిషన్
- పిల్లలు సొంతంగా మూత తీయగలిగే బాక్సు, బాటిల్
- సబ్బు, కొంచెం వాటర్ కలర్
- సన్న పళ్ళ పేల దువ్వెన
- ఒక తెల్ల కాగితం, పెన్ను
- కొత్త క్లాసు మొదలయ్యే ముందు రెండు వారాలు. అప్పటికే మొదలైపోతే ఈరోజు నుంచే, వారానికి రెండు పనుల చొప్పున

1. స్కూలుకి ఇచ్చే కాగితం

ఒకే పేజీలో రాయండి. పిల్లల పేరు, బరువు, ఏమైనా పడకపోతే అదేంటో, రోజూ వాడే మందులు, ఆస్తమా కానీ ఫిట్స్ కానీ ఉంటే ఆ సంగతి, ఫోన్ ఎత్తే ఇద్దరు పెద్దవాళ్ళ నంబర్లు, బడి నుంచి ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో వాళ్ళ పేర్లు. టీకాల కార్డు కాపీ కూడా జత చెయ్యండి, ఏదైనా డోసు మిగిలిపోయిందేమో అప్పుడే తెలుస్తుంది. తట్టు టీకా రెండు డోసులూ పడాలి, చాలామందికి ఆ రెండోదే మిస్సవుతుంది.

ఆస్తమా ఉన్న పిల్లలకి ఇన్‌హేలర్‌తో పాటు స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) కూడా ఇవ్వండి. స్పేసర్ లేకుండా నొక్కితే మందు చాలావరకు నోట్లో, గొంతులోనే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల దాకా పోదు. వేరుశెనగ, గుడ్డు, పాలు లాంటివి తీవ్రంగా పడని పిల్లలకి డాక్టర్ ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ పెన్ను రాసిచ్చి ఉంటే అది తాళం వేసిన అల్మారాలో ఉండకూడదు, చేతికందే చోట ఉండాలి, ఎక్కడుందో కనీసం ఇద్దరు టీచర్లకి తెలిసి ఉండాలి. ఊపిరి ఆడకపోవడం, గొంతు వాపు లాంటివి మొదలైతే దురద మాత్ర ఇచ్చి ఎదురు చూడటం ప్రాణాల మీదకి వస్తుంది, ముందు ఆ ఇంజెక్షనే, వెంటనే అంబులెన్స్. ఈ రెండు ముక్కలూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి.

మామూలుగా జరిగే తప్పు: నంబర్ మారాక కాగితం మార్చకపోవడం. చూసుకోవడం ఎలా అంటే, ఒకరోజు మీరే బడి ఆఫీసుకి ఫోన్ చేసి "మా పాప పేరు మీద ఏ నంబర్లు ఉన్నాయో ఒకసారి చదువుతారా" అని అడగండి. రెండు నిమిషాల పని.

2. చేతులు కడుక్కోవడం

సబ్బుతో 20 సెకన్లు. తినే ముందు, బాత్రూం నుంచి వచ్చాక, ముక్కు చీదాక. ఇది అందరికీ తెలుసు, పిల్లలకీ తెలుసు, అయినా వేళ్ళ కొసలు తడిపి వచ్చేస్తారు. చెప్తే ఎక్కడం లేదనుకుంటే ఇలా చేయించండి. రెండు చేతుల నిండా వాటర్ కలర్ పూసి కాసేపు ఆరనివ్వండి, తర్వాత కళ్ళు మూసుకుని ఎప్పట్లాగే కడుక్కోమనండి. కళ్ళు తెరిచి చూస్తే బొటనవేలి చుట్టూ, గోళ్ళ సందుల్లో, చేతి వెనకాల రంగు అలాగే ఉంటుంది. "చూడు నాన్నా, ఇక్కడ మిగిలిపోయింది" అని చూపించండి చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. నాలుగైదు రోజులు వరసగా చేస్తే రంగు మిగలకుండా కడగడం వాళ్ళంతట వాళ్ళకే వచ్చేస్తుంది.

శానిటైజర్ బాటిల్ బ్యాగులో వేస్తే సరిపోతుంది కదా అంటారు. నీళ్ళు దొరకనప్పుడు పర్వాలేదు, కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్నది తీసుకోండి. కానీ మట్టి చేతుల మీద అది పెద్దగా పనిచేయదు, వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌ని కూడా సరిగ్గా చంపలేదు. తినే ముందు, బాత్రూం తర్వాత సబ్బే. శానిటైజర్ మింగితే ప్రమాదం, కాబట్టి మంచి వాసన వచ్చేవి, బొమ్మల సీసాల్లో వచ్చేవి చిన్నపిల్లలకి ఇవ్వకండి.

ఇంకో సంగతి. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే, బడిలో చేరిన మొదటి ఏడాది అయితే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. చేతులు బాగా కడిగినా అస్సలు రాకుండా ఉండదు, తగ్గుతుంది.

3. బాత్రూం

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు.

మా పాప చేరిన కొత్తలో సాయంత్రం బాటిల్ నిండుగానే తెచ్చేది. నీళ్ళు తాగమ్మా అని రోజూ తిట్టడమే. ఇంటికొచ్చీ రాగానే చెప్పులు కూడా విడవకుండా బాత్రూంలోకి పరిగెత్తేది. పది పదిహేను రోజులకి కింద మంటని ఏడ్చింది, డాక్టర్ చూసి యూరిన్ ఇన్ఫెక్షన్ అన్నారు. ఆ రాత్రి పక్కలో పడుకోబెట్టుకుని మెల్లగా అడిగితే అప్పుడు చెప్పింది: అక్కడ గడియ గట్టిగా ఉందంట, ఒకసారి లోపల వేసుకుంటే తీయరాలేదంట, అందుకని వెళ్ళడమే మానేసి, వెళ్ళాల్సిన అవసరం రాకుండా నీళ్ళు తాగడం మానేసింది. ఐదేళ్ళ పిల్ల తనకి తోచిన దారి తను వెతుక్కుంది, నేను మాత్రం నీళ్ళు తాగట్లేదని తిట్టాను. టీచర్‌తో మాట్లాడితే గడియ వేసుకోకుండా బయట ఒక ఫ్రెండ్‌ని కాపలా ఉంచేలా ఏర్పాటు చేశారు, ఆ వారంలోనే బాటిల్ ఖాళీగా రావడం మొదలైంది.

అందుకని ఇవి చేయించండి.

ముందు బట్టలు. యూనిఫాం బటన్లు, జిప్పు, బెల్టు, ఎలాస్టిక్, అన్నీ వేసిన మీద ఎవరి సాయం లేకుండా విప్పుకుని మళ్ళీ వేసుకోమనండి. బెల్టు తీయలేకపోతే బెల్టు మానేయండి, తప్పనిసరి అని బడిలో అంటే సంగతి చెప్పి కొన్నాళ్ళు ఆగమని అడగండి.

తర్వాత తుడుచుకోవడం, కడుక్కోవడం. ఆడపిల్లలకి ముందు నుంచి వెనక్కి అని అలవాటు చెయ్యాలి, వెనక నుంచి ముందుకి తెస్తే ఇన్ఫెక్షన్ రావచ్చు.

ఆ తర్వాత అడగడం. "టీచర్, నేను బాత్రూంకి వెళ్ళాలి" అని గట్టిగా వినపడేలా అనిపించండి. మీరు టీచర్‌లా కూర్చోండి, ఒకసారి కావాలనే విననట్టు ఉండండి, మళ్ళీ అడుగుతారో లేదో చూడండి. చాలామంది ఒకసారి అడిగి ఊరుకుంటారు.

చూసుకోవడానికి గుర్తులు: ఇంటికి రాగానే పరుగు పెట్టడం, యూరిన్ ముదురు పసుపు రంగులో ఉండటం, లోపలి బట్టల మీద మరకలు, మూడు నాలుగు రోజులకోసారి గట్టిగా మోషన్ రావడం. మోషన్ ఆపుకునే పిల్లలకి పక్క తడిపే సమస్య కూడా మొదలవచ్చు. అలా అయితే తిట్టకండి, డాక్టర్‌కి చూపించండి.

4. బాక్సు, బాటిల్

వండిన ఆహారం, పాలు, గుడ్డు, మాంసం, కోసిన పండ్లు మామూలు గది వేడిలో రెండు గంటలకి మించి ఉంచకూడదనేది లెక్క, బాగా ఎండల్లో అయితే గంటే. బడి బాక్సు అంతకన్నా ఎక్కువసేపే బ్యాగులో ఉంటుంది. కాబట్టి వేడిగా పంపితే వేడిగానే ఉండాలి, చల్లగా పంపితే చల్లగానే ఉండాలి, గోరువెచ్చగా మూత పెట్టడమే అన్నిటికన్నా చెడ్డది. వేడి ఫ్లాస్కు అయితే ముందు మరిగిన నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, అప్పుడు పొగలు కక్కే తిండి పెట్టండి. చల్లనివైతే పక్కన ఐస్ ప్యాక్. రెండూ కుదరకపోతే పాడవనివి పంపండి, కొయ్యని పండు, పొడిగా ఉండేవి, అంతే.

ద్రాక్ష, చెర్రీ టమాటా లాంటి గుండ్రటివి ఐదేళ్ళ లోపు పిల్లలకి నిలువుగా నాలుగు ముక్కలు చేసి పెట్టండి, ఆ వయసుకి గింజలు, పప్పులు గుండుగా అసలు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి. తింటూ పరిగెత్తకూడదని కూడా చెప్పండి. ఎవరి బాక్సులోంచీ తీసుకోవద్దు, మనది ఇవ్వద్దు అనేది మనసుకి కష్టంగా ఉన్నా కొన్నిచోట్ల తప్పదు, పక్కపిల్లకి ఏం పడదో మన పిల్లకి తెలియదు.

బాటిల్ మూతలో ఉండే రబ్బరు రింగుని చెంచా కొసతో బయటికి తీసి చూడండి. చాలామంది ఇళ్ళల్లో దాని కింద నల్లటి బూజు కనపడుతుంది, బాటిల్ రోజూ కడుగుతున్నాం అనుకుంటాం కానీ ఆ రింగు తీయం. స్ట్రా ఉన్న బాటిల్ అయితే లోపల సన్న బ్రష్ పోనివ్వాలి. కడగడం కష్టంగా ఉంటే వెడల్పు మూతి ఉన్న మామూలు బాటిల్‌కి మారిపోండి.

చూసుకోవడం ఎలా: సెలవు రోజు బాక్సు సర్ది, మూతలన్నీ బిగించి, ఇంట్లోనే నేల మీద కూర్చోబెట్టి తినమనండి. మీరు ముట్టుకోవద్దు. మూత తీయలేకపోయారంటే ఆ బాక్సు పనికిరాదు, ఎంత ఖరీదైనదైనా సరే. ఖాళీ బాక్సు చూసి సంబరపడకండి, "మిగిలింది అలాగే తీసుకురా, ఏమీ అనను" అని చెప్పి నిజంగానే ఏమీ అనకుండా ఉంటేనే ఎంత తింటున్నారో మీకు తెలుస్తుంది.

5. పొద్దున్న జ్వరం, పంపాలా వద్దా

థర్మామీటర్‌లో 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, అంతకన్నా ఎక్కువ ఉంటే పంపకండి. జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడిచాక పంపండి. ఈ "మందు వేయకుండా" అనే ముక్క దగ్గరే అందరం పొరపాటు పడతాం. నేనూ ఒకసారి ముఖ్యమైన పనుందని పొద్దున్న పారాసెటమాల్ వేసి పంపేశాను, మందు నాలుగు గంటలు పనిచేసింది, సరిగ్గా లంచ్ ముందు బడి నుంచి ఫోన్. వెళ్ళేసరికి బెంచీ మీద తల వాల్చి ఉంది, ముఖమంతా ఎర్రగా. అప్పటిదాకా పక్కన కూర్చున్న పిల్లలకి కూడా అంటించే ఉంటుంది. ఆ రోజు నుంచి పొద్దున్న మందు వేశానంటే ఆ రోజు బడి లేదు అని పెట్టుకున్నాను.

వాంతులు, విరేచనాలు అయితే పూర్తిగా ఆగాక ఇంకో 24 నుంచి 48 గంటలు ఇంట్లోనే. ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ పక్కు కట్టేదాకా పంపకూడదు. ఉత్త జలుబు, కొంచెం దగ్గు, జ్వరం లేదు, ఆడుకుంటున్నారు, తింటున్నారు అంటే పంపొచ్చు.

మందు డోసు వయసుని బట్టి కాకుండా బరువుని బట్టి డాక్టర్‌తో రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి, బరువు పెరిగినప్పుడల్లా మార్పించండి. ఇంట్లో చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చే సిరంజి కానీ కప్పు కానీ వాడండి. పిల్లలకి జ్వరానికి యాస్పిరిన్ ఇవ్వకూడదు, రేస్ సిండ్రోమ్ అని మెదడుకి, లివర్‌కి ప్రమాదం తెచ్చే జబ్బు రావచ్చు.

ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళయితే జ్వరం వచ్చిన పొద్దున ఎవరు సెలవు పెట్టాలని గొడవ పడకుండా ముందే అనుకోండి, మొదటిసారి ఎవరు, రెండోసారి ఎవరు, మూడోసారి ఏ అమ్మమ్మనో ఏ పిన్నినో అడగాలి అని.

నిద్ర కూడా ఇక్కడే చెప్పేస్తాను. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పొద్దున్న లేపకుండా లేస్తున్నారా చూడండి. రోజూ మూడుసార్లు లేపాల్సి వస్తోందంటే రాత్రి అరగంట ముందు పడుకోబెట్టాలి.

6. పేలు

అందరికీ వస్తాయి, శుభ్రతకీ దీనికీ సంబంధం లేదు, పేలు ఎగరవు దూకవు, తలకి తల తగిలితే పాకుతాయి. జుట్టు తడిపి, కండిషనర్ బాగా పట్టించి, పేల దువ్వెనతో కుదుళ్ళ నుంచి చివర దాకా దువ్వి, దువ్విన ప్రతిసారీ తెల్ల కాగితం మీద తుడిచి చూడండి. మూడు నాలుగు రోజులకోసారి, రెండు వారాల పాటు. ఒక్కసారి దువ్వి ఆపేయడమే తప్పు, ఎందుకంటే ఈపులు పగలడానికి వారం నుంచి పది రోజుల దాకా పడుతుంది. మందు రాసినా అందుకే రెండోసారి రాయమంటారు. కిరోసిన్ లాంటివి మాత్రం తల దగ్గరికి రానివ్వకండి. పొడుగు జుట్టుని జడ వేసి పంపండి.

7. బ్యాగు, రోడ్డు, బండి

బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతు దగ్గర ఉండాలి, 20 కిలోల పిల్లకి 2 కిలోలు. బ్యాగు వేసుకుని మిషన్ ఎక్కమనండి, తీసేసి ఎక్కమనండి, తేడా చూడండి. రెండు భుజాలకీ వేసుకోవాలి, బరువైన పుస్తకాలు వీపు వైపుకి. పేరు బ్యాగు బయట రాయకండి, లోపల రాయండి. పేరు పెట్టి పిలిస్తే తెలిసినవాళ్ళే అనుకుంటారు పిల్లలు.

రోడ్డు దాటడంలో, పదేళ్ళ లోపు పిల్లలకి వచ్చే బండి ఎంత స్పీడుగా వస్తోందో అంచనా సరిగ్గా తెలియదు. చూసి దాటమంటే చూస్తారు, చూసి కూడా దిగిపోతారు. కాబట్టి చెయ్యి పట్టుకునే దాటించాలి. అలా పట్టుకునే వారానికోసారి "ఇప్పుడు నువ్వు చెప్పు కన్నా, దాటొచ్చా?" అని నిర్ణయం వాళ్ళకి వదిలి చూడండి, ఎక్కడ తప్పుతున్నారో తెలుస్తుంది. బస్సు దిగాక కింద ఏదైనా పడితే వంగి తీయకూడదు, డ్రైవర్‌కి కనపడరు, ఇది ఒట్టి బస్సు దగ్గర నిజంగా చేయించి చూపించండి.

కారులో అయితే పన్నెండు దాటేదాకా వెనక సీటే. సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా బూస్టర్ సీటు (బెల్టు సరిగ్గా పట్టేలా పిల్లల్ని కొంచెం ఎత్తులో కూర్చోబెట్టేది) కావాలి. కింది బెల్టు తొడల మీద, పైది ఛాతీ మధ్యలోంచి వెళ్ళాలి. పొట్ట మీదకీ మెడ మీదకీ వస్తే ఇంకా బూస్టర్ తీసే వయసు రాలేదన్నట్టే. బండి మీదైనా, సైకిల్ మీదైనా హెల్మెట్, పిల్లల తలకి సరిపోయేది.

8. ఒంటి మీద చెయ్యి, రహస్యాలు

ఎవరో తెలియనివాళ్ళు వస్తే జాగ్రత్త అని ఒక్కటే నేర్పడం పెద్ద పొరపాటు. పిల్లల్ని లైంగికంగా బాధపెట్టేవాళ్ళలో ఎక్కువమంది పిల్లలకి తెలిసినవాళ్ళే. కాబట్టి మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి నేర్పండి. బట్టల లోపలి భాగాలు ఎవరూ చూడకూడదు, ముట్టుకోకూడదు, ఫోటో తీయకూడదు. డాక్టర్ అయినా అమ్మో నాన్నో పక్కన ఉన్నప్పుడే. "ఇది మనిద్దరి మధ్యే, అమ్మకి చెప్పకు" అని ఎవరన్నా సరే, ఆ మాట వినగానే అమ్మకి చెప్పెయ్యాలి. ఆ భాగాలకి ఇంట్లో ఏ పేరు వాడినా సరే, సిగ్గుపడకుండా చెప్పగలిగే పేరు ఒకటి ఉండాలి, పేరు లేకపోతే జరిగింది చెప్పలేరు.

తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళకి ఒక రహస్య మాట పెట్టండి. మాట చెప్పలేకపోతే బాబాయ్ అయినా సరే వెళ్ళకుండా టీచర్ దగ్గరికి వెళ్ళాలి. ఒకరోజు తెలిసిన మనిషిని పంపి, కావాలనే ఆ మాట చెప్పొద్దని చెప్పి చూడండి (టీచర్‌కి ముందే చెప్పండి). వెళ్ళిపోయారంటే కోప్పడొద్దు, ఇంకో నెల ఆడించండి.

పిల్లలు ఏదైనా చెప్పినప్పుడు అరవకండి, ఏడవకండి. "చెప్పి మంచి పని చేశావు, నేను నమ్ముతున్నాను, నీ తప్పు లేదు" అంతే. పదే పదే గుచ్చి అడగకుండా మీ దగ్గర పిల్లల రక్షణ చూసేవాళ్ళకి చెప్పండి.

తోటిపిల్లలు ఏడిపించడం కూడా ఇలాగే బయటికి రాదు. "బడి ఎలా ఉంది?" అంటే "బాగుంది" అంటారు. "ఇవాళ ఎవరి పక్కన కూర్చుని తిన్నావు?", "ఆటల్లో నిన్ను ఎవరు పిలిచారు?" అని అడగండి. బడి ఉన్న పొద్దుటే కడుపునొప్పి వచ్చి సెలవు రోజు రాకపోతే అది దొంగనొప్పి అనుకోకండి, నొప్పి నిజమే, కారణం వేరే చోట ఉంది.

9. దెబ్బలు

ముక్కులోంచి రక్తం వస్తే తల వెనక్కి వంచడం అందరూ చేసే తప్పు. ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. మధ్యలో వదిలి చూడకూడదు.

ఆరేడేళ్ళ వయసులో ముందు వరస పళ్ళు కొత్తవి వస్తాయి, ఆటల్లో అవి ఊడిపోయేది కూడా ఈ వయసులోనే. కొత్త పన్ను మొత్తంగా ఊడితే వేరుని ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పాలతో ఒకసారి కడిగి, వెంటనే దాని గుంటలో పెట్టాలి, కుదరకపోతే చల్లని పాలల్లో వేసుకుని అరగంట, గంటలోపు డెంటిస్ట్ దగ్గరికి. కాగితంలో చుట్టి తెస్తే పన్ను చచ్చిపోతుంది. పాలపన్ను అయితే మళ్ళీ పెట్టకూడదు.

తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పినా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, తలనొప్పి పెరుగుతున్నా, మాట తడబడినా, లేపితే లేవకపోయినా, ఒక కంటిపాప పెద్దగా ఒకటి చిన్నగా ఉన్నా ఆగకుండా హాస్పిటల్‌కి. పిల్లలకి నేర్పాల్సింది ఒక్కటే: తలకి తగిలితే చిన్నదైనా సరే టీచర్‌కి చెప్పాలి. తిడతారని దాచేస్తారు.

వారానికోసారి

ఆదివారం సాయంత్రం పావుగంట పెట్టుకోండి. గోళ్ళు, బాటిల్ రింగు, తల, బ్యాగు బరువు, ఇన్‌హేలర్‌లో ఎన్ని డోసులున్నాయి, ఎక్స్‌పైరీ ఎప్పుడు. రహస్య మాట ఒకసారి అడగండి.

పెద్ద సెలవుల తర్వాత అన్నీ మొదటి నుంచి చూడండి. క్లాసు మారుతుంది, టీచర్ మారతారు, బాత్రూం కూడా మారుతుంది. మొదటిరోజు దింపడానికి వెళ్ళినప్పుడు ఆ కొత్త బాత్రూం గడియ ముందు మీరే ఒకసారి వేసి తీసి, తర్వాత మీ పాప చేత మూడుసార్లు వేయించి తీయించి రండి.